వైద్యపదానికి విగ్రహవాక్యం: నాడీవ్యవస్థ మాటలను విడదీసి నేర్చుకునే పద్ధతి

అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్, అంటే నివేదికలోని రోగాలకు, చికిత్సలకు నిర్ణీత సంకేతాలు వేసే పని, నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థుల నోటుపుస్తకాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు దాని అర్థం, పేజీకి పాతిక ముప్పై మాటలు, పరీక్షకు ముందు రాత్రి వాటిని వరుసగా బట్టీ పట్టడం. గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశం వరకు ఈ పద్ధతి ఎలాగో నెట్టుకొస్తుంది కానీ, నాడీవ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఎలెక్ట్రోఎన్సెఫలోగ్రామ్, పోలియోమైలైటిస్, హెమిపరీసిస్, పారెస్థీసియా వంటి మాటలు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అవుతాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు సరిగ్గా ఈ దశలోనే, తమకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఈ విద్య తమకు అబ్బదని నిరాశపడతారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వీటిలో చాలావరకు అసలు ఇంగ్లీషు మాటలే కావు, గ్రీకు, లాటిన్ ముక్కలను అతికించి కట్టిన సమాసాలు. సమాసానికి విగ్రహవాక్యం చెప్పడం, సంధి విడదీసి సూత్రం చెప్పడం మీరు పదో తరగతి తెలుగు పరీక్షలో చేసిన పనే. అదే పనిని ఇక్కడ మళ్ళీ చేయాలి.

ముందుగా నోటుపుస్తకం

రెండువందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి తీసుకుని మూడు భాగాలు చేయండి. మొదటి భాగంలో మాట ముందు వచ్చే ఉపసర్గలు, రెండవ భాగంలో శరీరభాగాన్ని చెప్పే మూలాలు, మూడవ భాగంలో చివర వచ్చే ప్రత్యయాలు రాయాలి. పూర్తి మాటలను ఈ పుస్తకంలో ఎక్కించవద్దు, ముక్కలను మాత్రమే ఎక్కించండి. ప్రతి ముక్క దగ్గర నాలుగు విషయాలు ఉండాలి: ఇంగ్లీషు అక్షరాలలో దాని వర్ణక్రమం, తెలుగు లిపిలో ఉచ్చారణ, తెలుగులో అర్థం, ఆ అర్థాన్ని మన ఇళ్ళలో రోగి ఎలా చెప్పుకుంటాడో ఆ మాట. ఈ నాలుగవ గడిని చాలామంది అనవసరమని వదిలేస్తారు కానీ, నా అనుభవంలో జ్ఞాపకం నిలబడేది దాని వల్లే.

వైద్య నిఘంటువు కావాలంటే కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో దొరికినదైనా సరిపోతుంది, గ్రీకు మూలాలకు కాలదోషం పట్టదు. కోడింగ్ పుస్తకం మాత్రం పాతది కొనవద్దు, దానిలో సంకేతాలు ఏటా మారుతూ ఉంటాయి.

చివరి నుంచి చదవండి

తత్పురుష సమాసంలో ఉత్తరపదానికి ప్రాధాన్యం ఉన్నట్లే, వైద్యపదంలోనూ అసలు సంగతి చివరి ముక్కలో ఉంటుంది. అది రోగమా, శస్త్రచికిత్సా, పరీక్షా అన్నది ప్రత్యయమే చెబుతుంది. కాబట్టి మాట కనిపించగానే ముందుగా చివరి ముక్క మీద వేలు పెట్టండి, తరువాత మాట మొదటికి వచ్చి, ఆ తరువాత నడుమ ఉన్న మూలాలను కలుపుకోండి. 'ఎన్సెఫలోమైలైటిస్' అన్న మాటను తీసుకుందాం. చివర 'ఐటిస్' ఉంది, అంటే వాపు. మొదట 'ఎన్సెఫల్' ఉంది, అంటే మెదడు. నడుమ 'మైయల్' ఉంది, అంటే వెన్నుపాము. మెదడునకును, వెన్నుపామునకును కలిగిన వాపు అని విగ్రహవాక్యం పూర్తయింది. ఈ వాక్యాన్ని పైకి చదవాలి, రాయాలి కూడా. మనసులో అనుకుంటే చాలదు.

ఇక్కడ 'వాపు' అన్న మాటను గురించి ఒక జాగ్రత్త అవసరం. ఐటిస్ అంటే ఎరుపు, వేడి, నొప్పి కూడి వచ్చే ఇన్‌ఫ్లమేషన్. నీరు చేరడం వల్ల వచ్చే వాపును ఎడీమా అంటారు. పత్రికలు మెదడువాపు వ్యాధి అని రాసేది ఎన్సెఫలైటిస్ గురించి. తలకు దెబ్బ తగిలి మెదడు ఉబ్బిందని డాక్టరు చెప్పేది ఎక్కువగా సెరిబ్రల్ ఎడీమా గురించి. తెలుగులో రెండూ వాపే కావడం వల్ల నోటుపుస్తకంలో ఈ తేడాను ఎర్ర సిరాతో రాసుకోండి.

ముక్కలు కలిసేచోట జరిగే మార్పు మీకు ముందే తెలుసు. రాముడు, అతడు అన్న మాటలు కలిస్తే రాముడతడు అవుతుంది, ఉత్తునకు అచ్చు పరమైనప్పుడు ఉకారం లోపిస్తుంది. వైద్యపదంలో మూలం చివర సాధారణంగా ఒక 'ఓ' ఉంటుంది. ప్రత్యయం అచ్చుతో మొదలైతే ఆ ఓకారం లోపిస్తుంది: న్యూరోకు ఐటిస్ చేరితే న్యూరైటిస్, ఆల్జియా చేరితే న్యూరాల్జియా. ప్రత్యయం హల్లుతో మొదలైతే ఓకారం నిలుస్తుంది: న్యూరోపతీ. రెండు మూలాలు పక్కపక్కన చేరినప్పుడు మాత్రం రెండవది అచ్చుతో మొదలైనా ఓకారం సాధారణంగా నిలిచే ఉంటుంది. మెనింజోఎన్సెఫలైటిస్‌లో 'ఓ', 'ఎ' పక్కపక్కనే కనిపించడానికి కారణం అదే. ఈ సూత్రం తెలిసినవారు వర్ణక్రమంలో తప్పు చేయడం చాలా అరుదు, ఎందుకంటే ఓకారం ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో వారికి కారణం తెలుసు.

మూడు మూలాలను ముందు గట్టి చేసుకోండి

నాడీవ్యవస్థకు మూలాలు ముప్పై దాకా ఉన్నాయి కానీ, మొదటి వారమంతా మూడింటి మీదే ఉండండి. అవి న్యూరో, ఎన్సెఫలో, మైయలో.

న్యూరో అంటే నరం. తెలుగులో నరం అన్న మాటను మనం ఎంత వదులుగా వాడతామో గమనించండి. సూది వేయబోయే నర్సు చేతికి నరం దొరకడం లేదంటుంది, ఆమె వెతుకుతున్నది సిర. ఉదయం లేచేసరికి మెడ నరం పట్టేసిందంటాం, పట్టేసింది కండరం. నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నప్పుడు మాత్రమే అది నాడి. ఈ గందరగోళం మనకు మాత్రమే ఉన్నదని అనుకోవద్దు. ప్రాచీన గ్రీకులో న్యూరాన్ అంటే మొదట స్నాయువు, వింటినారి, తాడు వంటి దారం. శరీరంలో తెల్లగా తాడులా కనిపించే ప్రతిదానికీ ఆ పేరే ఉండేది. కండరాన్ని అతికించే పలుచని రేకును ఇప్పటికీ అపోన్యూరోసిస్ అంటారు, దానికి నాడులతో ఏ సంబంధమూ లేదు, పాత అర్థం అందులో మిగిలిపోయింది. మన స్నాయువు అన్న మాట కూడా గ్రీకు న్యూరాన్, లాటిన్ నెర్వస్ అన్న మాటల కుటుంబంలోదే. కాబట్టి వైద్యపదంలో న్యూరో కనిపిస్తే, ఆ ఒక్క పాత మాటను మినహాయించి, నాడి అనే రాసుకోండి. ఇంట్లో వాడే నరం అన్న అర్థాన్ని అక్కడికి తీసుకుపోకండి. పంజాగుట్ట నిమ్స్ వంటి పెద్ద ఆస్పత్రికి వెళ్ళినప్పుడు న్యూరాలజీ, నెఫ్రాలజీ బోర్డులను కూడా జాగ్రత్తగా చూడాలి, రెండవది మూత్రపిండాల విభాగం.

ఎన్సెఫలో అన్నది స్వయంగా ఒక చిన్న సమాసం. గ్రీకులో కెఫలే అంటే తల, ఎన్ అంటే లోపల, తలలోపలిది కాబట్టి మెదడు. ఇది తెలిస్తే సెఫలో, ఎన్సెఫలో అన్న రెండింటినీ ఎప్పుడూ పొరబడరు. హైడ్రోసెఫలస్‌లో ఉన్నది తల, అంటే తలలో నీరు చేరడం. మైక్రోసెఫలీలో ఉన్నదీ తలే, అంటే తల చిన్నదిగా ఉండడం. ఎన్సెఫలోపతీలో ఉన్నది మెదడు. కొందరు డాక్టర్లు 'ఎన్సెఫలైటిస్' అనీ, కొందరు 'ఎన్కెఫలైటిస్' అనీ పలుకుతారు, వర్ణక్రమం ఒకటే. మెదడుకు లాటిన్ పేర్లు సెరిబ్రం, సెరిబెల్లం. రెండవది 'చిన్న సెరిబ్రం' అని అర్థమిచ్చే మాట, మన పాఠ్యపుస్తకాల్లోని మస్తిష్కం, అనుమస్తిష్కం అన్న జంట సరిగ్గా ఈ సంబంధాన్నే చూపిస్తుంది.

మైయలో దగ్గర మాత్రం ఆగాలి, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. గ్రీకు మైయలోస్ అంటే మూలుగ, అంటే మజ్జ. ఎముకలోపల ఉన్న మెత్తని పదార్థం మూలుగ అయితే, వెన్నెముక లోపల ఉన్న మెత్తని తాడు కూడా మూలుగే అని పూర్వులు అనుకున్నారు. అందువల్ల ఒకే ముక్కకు వెన్నుపాము అనీ, ఎముక మజ్జ అనీ రెండు అర్థాలు స్థిరపడ్డాయి. పాఠ్యపుస్తకంలో మెడుల్లాను మజ్జాముఖం అన్నప్పుడు కూడా ఇదే ఊహ పనిచేసింది, లాటిన్‌లో మెడుల్లా అంటే మజ్జే. మరి ఏ అర్థం ఎక్కడ తీసుకోవాలి? పక్క ముక్కను చూడండి. పక్కన ఎముకను చెప్పే 'ఆస్టియో' ఉంటే ఎముక మజ్జ: ఆస్టియోమైలైటిస్. చివర గడ్డను చెప్పే 'ఓమా' చేరి మైయలోమా అయితే అదీ మజ్జకు సంబంధించిన క్యాన్సరే. పక్కన ఎన్సెఫలో ఉంటే వెన్నుపాము. పోలియో అంటే గ్రీకులో బూడిదరంగు, పోలియోమైలైటిస్ అంటే వెన్నుపాములోని బూడిదరంగు భాగానికి వచ్చిన వాపు. కోడింగ్ చేసేవారికి ఇది ప్రాణంతో సమానమైన తేడా: మైలైటిస్ నాడీవ్యవస్థ అధ్యాయంలో జీ04 కింద, ఆస్టియోమైలైటిస్ ఎముకల అధ్యాయంలో ఎం86 కింద, మల్టిపుల్ మైయలోమా కణితుల అధ్యాయంలో సీ90 కింద ఉంటాయి.

దీనికి తోడు 'మైయో' అనే మరో ముక్క ఉంది, లకారం లేనిది. దాని అర్థం కండరం. గ్రీకులో మైస్ అంటే ఎలుక, మన మూషికం దాని చుట్టమే. చేయి ముడిచినప్పుడు చర్మం కింద కండ ఎలుకలా కదులుతుందని ఆ పేరు వచ్చింది. మైయాల్జియా కండరాల నొప్పి, మైయస్థీనియా కండరాల బలహీనత. ల ఉంటే మజ్జ, ల లేకపోతే మూషికం అని రాసుకోండి.

మిగిలిన మూలాలను రెండవ వారంలో వేగంగా పూర్తిచేయవచ్చు. గ్లియో అంటే జిగురు, నాడీకణాలను పట్టి ఉంచే కణజాలానికి ఆ పేరు, దానిలో పుట్టిన గడ్డ గ్లియోమా. రాడిక్యులో, రైజో రెండూ వేరు అని అర్థమిస్తాయి, నడుము నుంచి కాలిలోకి నొప్పి దిగిందని చెప్పేవారి కాగితంలో రాడిక్యులోపతీ అని తరచుగా కనిపిస్తుంది. క్రేనియో అంటే కపాలం. స్పాండిలో అంటే వెన్నుపూస. సైకో అంటే మనస్సు, దాని ముందు పలకని 'పి' అక్షరాన్ని మరచిపోవద్దు. డెండ్రైట్‌లో ఉన్నది చెట్టు, ఆస్ట్రోసైట్‌లో ఉన్నది నక్షత్రం, అమిగ్డలా అంటే బాదం, హిప్పోక్యాంపస్ అంటే సముద్రగుర్రం. సూక్ష్మదర్శినిలోనో, కోసిన మెదడులోనో తొలిసారి చూసినవారికి ఏ ఆకారం తోచిందో ఆ పేరు పెట్టారు, కాబట్టి వీటిని బొమ్మ గీసి నేర్చుకోవడమే మంచిది.

ఉపసర్గల దగ్గర సంస్కృతం తోడు వస్తుంది

గ్రీకు, లాటిన్, సంస్కృతం ఒకే భాషాకుటుంబానికి చెందినవి. సంస్కృత ఉపసర్గలు తెలుగులోకి వేలాది మాటలతో వచ్చాయి కాబట్టి, ఈ భాగాన్ని మీరు కొత్తగా నేర్చుకోవలసిన అవసరం దాదాపు లేదు, గుర్తుపడితే చాలు.

లేకపోవడాన్ని చెప్పే గ్రీకు ముక్క హల్లు ముందు 'అ', అచ్చు ముందు 'అన్'. మన నియమమూ ఇదే: అజ్ఞానం, అధర్మం, అనుచితం, అనర్హత. అదే తీరున అటాక్సియా అంటే కదలికల్లో పొందిక లేకపోవడం, ఆమ్నీసియా అంటే జ్ఞాపకం లేకపోవడం, అనల్జీసియా అంటే నొప్పి తెలియకపోవడం. అగ్నోసియా అన్న మాటైతే ముక్కకు ముక్క మన అజ్ఞానమే, గ్నోసిస్, జ్ఞానం ఒకే ధాతువు నుంచి వచ్చాయి. వైద్యంలో మాత్రం దాని అర్థం వేరు: కన్ను బాగానే ఉంటుంది, వస్తువు కనిపిస్తుంది, కానీ అది ఏమిటో మెదడు గుర్తించలేదు.

'డిస్' మన దుస్, దుర్ ఉపసర్గలకు తోబుట్టువు, చెడు, కష్టం అని అర్థం. డిస్టోనియా కండరాల బిగువు చెడడం. 'హైపర్' మన ఉపరి, ఎక్కువ అని అర్థం. 'పెరి' మన పరి, చుట్టూ అని అర్థం. 'హెమి' సగం. సంస్కృతంలో సగాన్ని చెప్పే సామి అన్న మాట దానికి బంధువు. 'టెట్రా', 'క్వాడ్రి' రెండూ మన చతుర్. రెండు చేతులూ రెండు కాళ్ళూ పడిపోతే టెట్రాప్లీజియా అనీ, క్వాడ్రిప్లీజియా అనీ అంటారు, అర్థంలో భేదం లేదు. మొదటిది శుద్ధ గ్రీకు. రెండవది లాటిన్ ఉపసర్గకు గ్రీకు ప్రత్యయం తగిలించిన వైరి సమాసం. 'పారా' ఒక్కటే కొంచెం ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే దానికి పక్కన అనీ, అసహజమైన అనీ అర్థాలు ఉన్నాయి, పారాప్లీజియాలో మాత్రం రెండు కాళ్ళు అని స్థిరపడిన అర్థం ఉంది. దానిని మాటవారీగా గుర్తుంచుకోవలసిందే.

అనస్థీసియా అన్న మాట దగ్గర హైదరాబాద్‌లో ఉన్నవారు ఒక్క నిమిషం ఆగాలని నేను కోరుకుంటాను. అన్, ఈస్థీసియా: స్పర్శజ్ఞానం లేకపోవడం. ఈ అవస్థకు ఆ పేరు పెట్టమని 1846లో అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే వైద్యుడు సూచించాడు. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు, క్లోరోఫాం అనే మత్తుమందు ఇచ్చినప్పుడు ప్రమాదం ముందుగా గుండెకు వస్తుందా, శ్వాసకు వస్తుందా అన్న ప్రశ్న మీద నిజాం ధనసహాయంతో, ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడి పర్యవేక్షణలో 1888లో ఒకసారి, 1889లో మరొకసారి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు ఈ నగరంలోనే పనిచేశాయి. ఆ కమిషన్ల తీర్మానాలతో తరువాతి వైద్యులు అన్నివిధాలా ఏకీభవించలేదు. అయినా, మన నగరం పేరుతో వైద్యచరిత్రలో నిలిచిన ఆ పని తెలిసిన విద్యార్థి ఈ మాటను మరచిపోవడం నేను చూడలేదు.

మెదడు పొరలను వరుసలో నేర్చుకోండి

మెదడును కప్పే మూడు పొరలు కలిపి మెనింజెస్. బయటి నుంచి లోపలికి డ్యూరా మేటర్, ఆరాక్నాయిడ్, పయా మేటర్. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వీటినే వరాశిక, లౌతికళ, మృద్వి అని చదివి ఉంటారు. లూత అంటే సాలెపురుగు, ఆరాక్నాయిడ్ అంటే సాలెగూడు వంటిది, కాబట్టి లౌతికళ దానికి అచ్చమైన అనువాదం. డ్యూరా అంటే గట్టిది, పయా అంటే మృదువైనది. మరి మేటర్ అంటే లాటిన్‌లో తల్లి. మెదడు పొరకు తల్లి అన్న మాట ఎందుకు వచ్చిందంటే, అరబ్బీ వైద్యులు ఈ పొరను మెదడు తల్లి అనే అర్థంలో 'ఉమ్ అద్ దిమాగ్' అనేవారు, మధ్యయుగాల్లో వారి గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చినవారు మాటకు మాట మార్చారు. పాతబస్తీలో రోజూ వినిపించే దిమాగ్ అన్న మాట ఆ పేరులో ఉండేదని తెలిశాక డ్యూరా మేటర్ పరాయి మాటగా అనిపించదు.

ఇప్పుడు ఒక కాగితం మీద అడ్డంగా గీతలు గీసి, పై నుంచి కిందికి కపాలం, డ్యూరా, ఆరాక్నాయిడ్, పయా, మెదడు అని రాయండి. 'ఎపి' అంటే పైన, 'సబ్' అంటే కింద. డ్యూరా పైన రక్తం చేరితే ఎపిడ్యూరల్ హెమటోమా, మన ఆస్పత్రుల్లో ఎక్స్‌ట్రాడ్యూరల్ అని కూడా రాస్తారు. డ్యూరా కింద చేరితే సబ్‌డ్యూరల్. ఆరాక్నాయిడ్ కింద రక్తస్రావమైతే సబ్‌ఆరాక్నాయిడ్ హెమరేజ్. రోడ్డు ప్రమాదాల కేసు షీట్లలో ఈడీహెచ్, ఎస్‌డీహెచ్, ఎస్‌ఏహెచ్ అన్న పొడి అక్షరాలు ఇవే. బొమ్మను చూడకుండా రెండు నిమిషాల్లో గీయగలిగేవరకు రోజూ గీయండి.

హెమటోమాలో ఓమా ఉంది కదా, మరి అది క్యాన్సరా అని అడిగేవారు ఉంటారు. కాదు, పేరుకున్న రక్తపు గడ్డ మాత్రమే. తెలుగులో మెదడులో గడ్డ ఉందన్నా, రక్తం గడ్డకట్టిందన్నా గడ్డ అన్న మాటే వాడతాం, గ్రీకు ఓమా కూడా అలాగే రెండింటికీ సరిపోతుంది. రోగి బంధువులకు వివరించవలసినప్పుడు ఈ ఒక్క మాట దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి, 'రక్తపు గడ్డ' అని పూర్తిగా చెప్పాలి.

ప్రత్యయాలు: వినికిడి మోసం చేసే చోటు

ప్లీజియా అంటే పూర్తిగా పడిపోవడం, పరీసిస్ అంటే శక్తి తగ్గడం. ఒక పక్క చేయి, కాలు బొత్తిగా కదలకపోతే హెమిప్లీజియా, బలహీనంగానైనా కదులుతుంటే హెమిపరీసిస్. మన పక్షవాతం అన్న మాటలో పక్షం అంటే ఒక పార్శ్వం, కాబట్టి అది హెమి అన్న ఉపసర్గకు చక్కగా సరిపోతుంది. కోడింగ్ పుస్తకపు సూచికలో హెమిపరీసిస్ వెతికితే హెమిప్లీజియాను చూడమంటుంది, రెండింటికీ జీ81. అంతమాత్రాన టైపు చేసేటప్పుడు ఒకదాని బదులు మరొకటి రాయకూడదు, డాక్టరు రెండు వారాల తరువాత పోల్చి చూసేది ఆ మాటనే.

ఈస్థీసియా స్పర్శజ్ఞానం, పారెస్థీసియా తిమ్మిర్లు, చీమలు పాకినట్లుండడం. ఆల్జియా నొప్పి. లెప్సీ అంటే పట్టుకోవడం, ఎపిలెప్సీ అంటే మీద పడి పట్టుకునేది, మన ఇళ్ళలో ఫిట్స్ అనీ మూర్ఛ అనీ అంటారు. టమీ అంటే కోయడం, ఎక్టమీ అంటే కోసి తీసివేయడం. క్రేనియోటమీలో తెరిచిన కపాలపు ఎముకను తిరిగి అమరుస్తారు, క్రేనియెక్టమీలో అప్పటికి అమర్చకుండా ఉంచుతారు.

ఇక అసలైన చిక్కు ఒకటి ఉంది. మింగడంలో కష్టాన్ని చెప్పే మాట, మాట్లాడడంలో కష్టాన్ని చెప్పే మాట, రెండూ మన చెవికి 'డిస్ఫేజియా' అనే వినిపిస్తాయి. ఇంగ్లీషులో ఒకదానిలో 'జి' అక్షరం, మరొకదానిలో 'ఎస్' అక్షరం ఉన్నాయి, ఉచ్చారణలో కొద్ది తేడా ఉంది, కానీ తెలుగు చెవి ఆ రెండు ధ్వనులనూ జకారంగానే పట్టుకుంటుంది. నేను ట్రాన్స్‌క్రిప్షన్ పనిలో చేరిన కొత్తలో, పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన నివేదికను విని టైపు చేస్తూ, మింగలేకపోతున్నాడని డాక్టరు చెప్పినచోట మాట్లాడలేకపోతున్నాడని అర్థం వచ్చే మాట రాశాను. సరిచూసేవారి కంట పడింది కాబట్టి సరిపోయింది. మింగలేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయని తెలిశాక, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు కట్టుకున్న గుర్తు ఇది: భాషలో ఉన్నది షకారం, భోజనంలో ఉన్నది జకారం. 'ఎస్' ఉన్న ఫేసియా భాషకు, 'జి' ఉన్న ఫేజియా భోజనానికి. నోటుపుస్తకంలో మొదటిదాన్ని స అక్షరంతో, రెండవదాన్ని జ అక్షరంతోనే రాయండి, ఉచ్చారణ ఎలా ఉన్నా సరే. వీటికి మూడవది డిసార్థ్రియా: భాష చెడలేదు, చెప్పదలచుకున్నది మనసులో ఉంది, కానీ నాలుక, పెదవులు సహకరించక మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవారు మూడింటినీ కలిపి 'మాట పడిపోయింది, ఏమీ మింగడం లేదు' అని చెబుతారు, దానిని విడదీసి రాయడమే మన పని.

పరీక్షల ప్రత్యయాలు మూడు: గ్రామ్ అంటే వచ్చిన నమోదు, గ్రాఫ్ అంటే యంత్రం, గ్రఫీ అంటే ఆ ప్రక్రియ. 1924లో జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ మనిషి తల మీద నుంచి మొదటిసారి నమోదు చేసిన మెదడు విద్యుత్తరంగాల కాగితం ఎలెక్ట్రోఎన్సెఫలోగ్రామ్. ఈఈజీ అన్న పొడి అక్షరాలు మూడింటికీ ఒకటే.

లొంగని మాటలు

పార్కిన్‌సన్స్, ఆల్జైమర్స్, బెల్స్ పాల్సీ, గియాన్-బారే వంటివి మనుషుల పేర్లు, వీటిని విడదీయవద్దు. ప్రత్యేకంగా ఒక పేజీలో పేరు, దాని పక్కన లక్షణం రాసి నేర్చుకోండి. విడదీయడానికి వీలు లేనట్లు కనిపించి, లోపల సమాసం దాచుకున్న మాటలు కూడా కొన్ని ఉన్నాయి. మైగ్రేన్ అన్నది గ్రీకు హెమిక్రేనియా అరిగి అరిగి ఫ్రెంచి ద్వారా వచ్చిన రూపం, సగం కపాలం అని అర్థం. మన పార్శ్వపు తలనొప్పి అన్న మాట అదే సంగతిని చెబుతోంది.

రోజువారీ సాధన

కొత్త ముక్కలు రోజుకు అయిదు మించకూడదు. ఉదయం ఆ అయిదింటిని రాసి, మెట్రోలో వెళ్ళేటప్పుడు ఒక స్టేషన్ నుంచి మరొక స్టేషన్ చేరేలోపు ఒక మాటను విడదీసి విగ్రహవాక్యం చెప్పుకోండి. అమీర్‌పేటలో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగేలోపు ఎనిమిది మాటలు పూర్తవుతాయి. సాయంత్రం పని తిరగబడాలి: తెలుగు విగ్రహవాక్యం చూసి వైద్యపదాన్ని కట్టాలి. విడదీయడం కంటే కట్టడం కష్టం, సంధి సూత్రం చేతికి వచ్చేది అందులోనే.

మూడవ వారం నుంచి విడి మాటలు మానేసి, నివేదికలోని వాక్యం మీద సాధన చేయండి. ఉదాహరణకు ఇలా రాసి ఉందనుకోండి: లెఫ్ట్ హెమిపరీసిస్, డిసార్థ్రియా, జి అక్షరంతో రాసిన డిస్ఫేజియా ఉన్నాయి, ఎఫేసియా లేదు, సీటీలో సబ్‌డ్యూరల్ హెమటోమా లేదు, టైప్ 2 మధుమేహం వల్ల డయాబెటిక్ పాలీన్యూరోపతీ ఉంది. ఎడమ పక్క చేయి, కాలు బలహీనపడ్డాయి, మాట ముద్దగా వస్తోంది, మింగడం కష్టంగా ఉంది, కానీ భాష చెడలేదు, డ్యూరా కింద రక్తం చేరలేదు. మెదడు కుడిభాగం శరీరపు ఎడమ పక్కను నడుపుతుంది, చాలామందిలో భాష ఎడమభాగంలో ఉంటుంది, కాబట్టి ఎడమ పక్క బలహీనత ఉండి భాష చెడకపోవడం ఒకదానితో ఒకటి పొసగే సంగతులే. ఇలా పొసగుతున్నాయో లేదో చూసుకుంటే, విన్నప్పుడు దొర్లిన తప్పు చాలాసార్లు అక్కడే పట్టుబడుతుంది. చివరి మాటలో పాలీ అంటే అనేకం, న్యూరో అంటే నాడి, పతీ అంటే వ్యాధి, అనేక నాడులకు కలిగిన వ్యాధి, రోగి భాషలో అరికాళ్ళ తిమ్మిర్లు, మంటలు. న్యూరో కనిపించింది కదా అని నాడీవ్యవస్థ అధ్యాయానికి వెళ్ళవద్దు. విగ్రహవాక్యంలో 'మధుమేహం వలన' అన్న పంచమీ విభక్తి ఉంది, సంకేతం మధుమేహం కింద ఈ11.42 దగ్గర దొరుకుతుంది.